మా గల్లీ బచ్చాల జల్సా

రబీవుల్ అవ్వల్ చాంద్ కనబడిందంటే మా గల్లీలో చందా పుస్తకం బయటికొచ్చేది. ఏ పార్టీదీ కాదు, ఏ జమాత్‌దీ కాదు. గల్లీవాళ్లే పెట్టుకునే బచ్చాల జల్సా. ఒకరింటి నుంచి కరెంటు వైరు, ఇంకొకరింటి నుంచి రెండు తఖత్‌లు. వాటి మీద మా అమ్మీ పెళ్లినాటి చాదర్ పరిస్తే అదే స్టేజీ. ఖిరాత్, నాత్, తఖ్రీర్. గెలిచినోళ్లకు స్టీలు గిన్నెలు ఇనాం, అందరికీ బూందీ తబర్రుక్. మీలాద్ జరపొచ్చా కూడదా అన్న బహస్ అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది. దాని జోలికి నేను పోను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు హాఫిజ్ సాబ్ ఉర్దూలో తఖ్రీర్ రాసిచ్చారు. నాకు ఆ హరఫ్‌లు రావు. అబ్బా తెలుగు అక్షరాల్లో దించి పెడితే బట్టీ పట్టాను. సగంలో మర్చిపోయాను. మాటలకు మతలబ్ తెలిస్తే అల్లుకుపోయేవాణ్ణేమో. మైకు ముందు రాయిలా నిలబడ్డాను. పర్దా వెనక నుంచి నానీ గొంతు వినబడింది: "తెలుగులనే చెప్పు బేటా, నీకు తెలిసింది చెప్పు."

చెప్పాను. అబూ ఉమైర్ అనే పిల్లాడు పెంచుకున్న పిట్ట చచ్చిపోతే, హుజూర్ (స) వాడి దగ్గరికెళ్లి ఆ పిట్ట గురించి అడిగి పలకరించిన ముచ్చట. పిల్లలంతా చప్పుడు లేకుండా విన్నారు.

ఆ రాత్రే బుజుర్గుల్లో తకరార్ మొదలైంది. తెలుగు తఖ్రీర్‌కు ఇనాం ఇయ్యమన్నారు సదర్ సాబ్. దీన్ మాట ఉర్దూలోనే ఉండాలన్నది ఆయన జిద్.

చాలా ఏళ్ల తర్వాత తవారీఖ్ చదువుతుంటే నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇదే మాట ఉర్దూ మీదా పడింది. దీన్ మాటంటే అరబ్బీలో, ఫార్సీలో ఉండాలనుకునే రోజుల్లో బీజాపూర్ సూఫీ మీరాంజీ షమ్సుల్ ఉష్షాఖ్ జనం మాట్లాడే దక్కనీలో రాశారు. అరబ్బీ, ఫార్సీ రానివాళ్ల కోసమే అలా రాస్తున్నానని చెప్పుకోవాల్సొచ్చింది ఆయనకు. తర్వాతి సూఫీల చక్కీనామాలు ఆడవాళ్లు తిరగలి విసురుతూ పాడుకునేవే. లోరీనామాలైతే ఉయ్యాలలోని బిడ్డకు జోలపాటలు. అల్లా పేరు ఇంట్లోకి వచ్చింది ఆ ఇంటి జబాన్‌లోనే.

అయినా సదర్ సాబ్‌ను తప్పుపట్టలేను. హైదరాబాద్ రియాసత్‌లో 1880లలో ఫార్సీ పోయి ఉర్దూ దఫ్తర్ భాషయింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది, పై చదువులు కూడా ఉర్దూలోనే. బహాదుర్ ఖాన్ అనే యువ జాగీర్దార్ మీలాద్ జల్సాల్లో మాట్లాడితే జనం ఏడ్చేవారట. 1930లో నిజాం ఆయనకు బహాదుర్ యార్ జంగ్ ఖితాబ్ ఇచ్చాడు. సదర్ సాబ్ బచ్‌పన్ ఆ గాలిలోనే గడిచింది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత దఫ్తర్‌లో ఉర్దూ పోయింది. మెల్లగా బడిలోనూ తగ్గింది. ఆయన మనవలు మాతోపాటే తెలుగు మీడియం. పిల్లలు ఉర్దూ నిలబడి మాట్లాడే జాగా ఆయనకు ఆ రెండు తఖత్‌లే మిగిలాయి. అదీ పోతే ఏం కావాలి?

నానీకి ఈ హిస్టరీ తెలీదు. మరుసటి ఏడు తన పాన్‌దాన్ పైసలతో ఒక టిఫిన్ డబ్బా కొని, "ఇది తెలుగుల చెప్పినోళ్లకు" అని పంపించింది. సదర్ సాబ్ దాన్ని స్టేజీ మీద పెట్టనియ్యలేదు. జల్సా అయ్యాక మా అంగన్‌లో ఇచ్చింది. మూడో ఏడు స్టేజీ మీదికే వచ్చింది. ఎవరు ఎవర్ని మనాయించారో మా పిల్లలకు చెప్పలేదు.

ఇప్పుడు చందా పుస్తకం నా చేతిలో ఉంది. మొన్న ఎదురింటి పాప పేరు రాయించుకోడానికొచ్చింది. "చాచా, ఇంగ్లిష్‌లో చెప్తే ప్రైజ్ ఉంటుందా?" అంది. గుండె ఝల్లుమంది. సదర్ సాబ్ గుర్తొచ్చారు.

పేరు రాసుకున్నాను.