శ్రోతల రుచిభేదము



ఊరిలో హరికథ జరిగిన మఱునాడు రచ్చబండకడ జరుగు చర్చ మీరెఱుగనిది కాదు. ‘దాసుగారు రాగమును సాగదీసి కథను చెడగొట్టినారు’ అని యొకరనగా, ‘ఆ సాగుటయందే రుచి యున్నది’ అని వేఱొకరందురు. జిహ్వకో రుచి, పుఱ్ఱెకో బుద్ధి. ఇట్టి వాదమే పడమటి దేశములందు పోస్ట్‌రాక్ అను సంగీతమును గూర్చి మూడు దశాబ్దులకు పైగా జరుగుచున్నది. దాని చరిత్రను నేడు మనవి చేయుదును.

1950 తరువాత అమెరికాలో బలపడి లోకమంతట వ్యాపించిన సంగీతమునకు రాక్ అని పేరు. విద్యుత్తుతో మ్రోగు గిటారు, డ్రమ్ములు, గట్టి తాళము, నోటికి పట్టు పల్లవి, మూడు నాలుగు నిమిషములలో ముగియు పాట, ఇవి దాని సామాన్య లక్షణములు. ఒక బృందమువారు కొన్ని పాటలను వరుసగా కూర్చి వెలువరించు సంపుటమును ఆల్బమందురు.

లండను నగరమున టాక్ టాక్ అను బృందముండెను. వారి గాయకుడు మార్క్ హాలిస్. 1986లో వారు వెలువరించిన ‘ది కలర్ ఆఫ్ స్ప్రింగ్’ అను సంపుటము విరివిగా అమ్ముడుపోయెను. ప్రజలు మఱల అట్టిదానినే ఎదురుచూచుచుండగా, హాలిస్ మఱియొక త్రోవ పట్టెను. మసకవెలుతురు గల గదిలో అనేక వాద్యకారులను కూర్చుండబెట్టి, వారికి తోచినట్లు వాయింపజేసి, అందులో చాల భాగమును తీసివేసి, మిగిలిన కొద్దిపాటి తునుకలను అతికి 1988లో ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ అను సంపుటమును వెలువరించెను. అందు నాదమెంత ముఖ్యమో నిశ్శబ్దమును అంత ముఖ్యము. ఇది పూర్వపు సంపుటమువలె అమ్ముడుపోలేదు. పాతపాటలను ప్రేమించినవారు చిన్నబుచ్చుకొనిరి. ఇంతలో ఒప్పందమును గూర్చి ఈఎంఐ కంపెనీకిని బృందమునకును వ్యాజ్యము నడచి, అప్పీలులో బృందము గెలిచెను. 1991లో వేఱొక కంపెనీ ద్వారా ‘లాఫింగ్ స్టాక్’ అను సంపుటమును వెలువరించి ఆ బృందము ముగిసెను. హాలిస్ 1998లో తన పేర నొక్క సంపుటము మాత్రము వెలువరించి, ఇంచుమించు మౌనము వహించి, 2019లో కాలధర్మము చెందెను.

1994లో సైమన్ రేనాల్డ్స్ అను ఆంగ్ల విమర్శకుడు పోస్ట్‌రాక్ అను పేరును ప్రచారములోనికి తెచ్చెను. రాక్ వాద్యములనే చేతబట్టి, రాక్ పద్ధతిని విడిచి, నాదచ్ఛాయలకై వానిని వాడుట యని దాని తాత్పర్యము. అంతట కొనువారు తక్కువైన ఆ రెండు సంపుటములు ఈ మార్గమునకు మూలములని అనేకులు మన్నింపసాగిరి.

మార్గమేర్పడిన పిదప అందే చీలికలు పుట్టెను. 1996లో షికాగో నగరపు టార్టాయిస్ బృందము ఇరువది నిమిషములపాటు సాగు రచనతో నొక సంపుటమును ప్రారంభించెను. మరింబా వంటి వాద్యముల అల్లికయే దాని సొంపు. 2000లో మాంట్రియలు నగరపు గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ బృందము నాలుగు దీర్ఘరచనలను రెండు పలకలపై వెలువరించెను. అందు గుసగుసగా మొదలైన నాదము క్రమముగా పెరిగి తుపానువలె విరుచుకొనిపడును. మొదటిదానిని మెచ్చువారు రెండవదానిని ‘మెల్లగా మొదలు, గట్టిగా ముగింపు, ఇంతేకదా’ యందురు. రెండవదానిని మెచ్చువారు మొదటిదానిలో లెక్కలే గాని కన్నీరు లేదందురు. ఇరువురును అబద్ధమాడుటలేదు. ఒకరు అల్లికను వెదకుచున్నారు, ఒకరు ఆవేశమును వెదకుచున్నారు.

నా యనుభవమును చెప్పుదును. నా మనుమడు ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ వినిపించినప్పుడు, రెండు నిమిషములు గడచినను తాళము రాకపోగా, ‘శ్రుతి చేసికొనుట యెప్పటికి ముగియునురా?’ యని యడిగితిని. ‘ఆలాపన యనుకొని వినండి, తాతగారూ’ అని వాడు బదులు చెప్పెను. ఆ మాటతో నా చెవికి ద్వారము తెఱచినట్లయ్యెను. ఆలాపనకు తాళమేదని మనమెన్నడైన అడుగుదుమా? అయితే, అమెరికా గాయకుడు లూ రీడ్ 1975లో వెలువరించిన ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’ అనుదానిని వాడు వినిపింపగా, గంటకు పైగా సాగు ఆ గిటారుల హోరులో మొదటి పార్శ్వము ముగియకముందే లేచిపోతిని. నేటికిని అది నాకు రుచింపలేదు. కాని 2002లో బెర్లినులో ఒక వాద్యబృందము ఆ హోరును స్వరములుగా వ్రాసికొని, వయొలిను మొదలగు వాద్యములపై సభలో వాయించిరి. నేను లేచిపోయినచోట వారు కూర్చుండి వినిరి.

అందుచేత నేను తెలిసికొన్నదొకటి. ‘నాకు రుచింపలేదు’ అనుట వేఱు, ‘ఇది సంగీతమే కాదు’ అనుట వేఱు. మొదటిది మన నాలుకను గూర్చిన సత్యము. దానిని దాచనక్కఱలేదు, లోకము మెచ్చినదని తల యూపనక్కఱలేదు. రెండవది ఇతరుల విస్తరిని లాగివేయుట. 1988 నాటి అమ్మకములే తుదితీర్పైనచో, ఆ సంపుటము ననుసరించి పుట్టిన సంగీతమును మనము విని యుండెడివారము కాము. మన భజనమందిరములలో పిన్నలు క్రొత్త వరుస యెత్తుకొన్ననాడు పెద్దలమగు మనము ఏ మాట పలుకుదుమో, దానిమీదనే వారు మఱల పాడుటయు, పాడకుండుటయు ఆధారపడి యున్నది.