పెద్దవాళ్ల మతిమరుపు వయసు వల్లేనా? అల్జీమర్స్, రక్తనాళాల జబ్బు: కారణాలు, నిర్ధారణ

ఫిల్మ్‌నగర్‌లో తయారయ్యే కథల్లో తలకి దెబ్బ తగిలితే గతం పోతుంది, ఇంకో దెబ్బ తగిలితే తిరిగొస్తుంది. లేదంటే మతిమరుపు కామెడీ అవుతుంది. 2015లో వచ్చిన 'భలే భలే మగాడివోయ్'లో హీరో మతిమరుపే నవ్వులు పండించింది. ఇళ్లలో పెద్దవాళ్లకు వచ్చే డిమెన్షియా మాత్రం ఇలా ఉండదు. మెల్లగా మొదలవుతుంది. 'వయసైపోయింది కదా' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఏళ్లు గడిచిపోతాయి. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది.

డిమెన్షియా అనేది ఒకే జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట దెబ్బతిని రోజువారీ పనులు చేసుకోలేని స్థితిని అలా పిలుస్తారు. దానికి దారితీసే జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు.

అల్జీమర్స్

జర్మనీ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ 1906లో దీన్ని మొదట వివరించారు. మెదడు కణాల మధ్య అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది. కణాల లోపల టౌ అనే ప్రొటీన్ చిక్కులు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఏపీఓఈ-4 అనే జన్యువు ఉన్నా ముప్పు ఎక్కువే, కానీ అది ఉన్న అందరికీ జబ్బు రాదు. సాధారణంగా ముందు పోయేది కొత్త విషయాలే. పెళ్లినాటి సంగతులు చెప్తారు, పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు.

రక్తనాళాల వల్ల వచ్చేది

దీన్ని వాస్క్యులర్ డిమెన్షియా అంటారు. స్ట్రోక్ వల్లో, సన్నటి నాళాలు మూసుకుపోవడం వల్లో మెదడుకు రక్తం సరిగా అందక వస్తుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్, గుండె లయ తప్పడం దీనికి కారణాలు. కొందరిలో మెట్లు దిగినట్టు ఒక్కోసారి ఒక్కో మెట్టు తగ్గుతుంది. ఆలోచన మందగిస్తుంది, నడక తడబడుతుంది. చాలామంది వృద్ధుల్లో ఈ రెండు జబ్బులూ కలిసే ఉంటాయి. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, సిగరెట్ మానడం మన చేతిలో ఉన్న పనులే.

నిర్ధారణ ఎలా?

ఒక్క స్కాన్‌తో తేలే జబ్బు కాదిది. మార్పు ఎప్పుడు మొదలైంది, డబ్బు లెక్కలు తప్పుతున్నారా, తెలిసిన దారి మర్చిపోతున్నారా అని డాక్టర్ ఇంట్లోవాళ్లనే ముందు అడుగుతారు. తర్వాత బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు, సీటీ లేదా ఎంఆర్ఐ చేయిస్తారు. బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. ఇవి చాలావరకు చికిత్సకు లొంగుతాయి. అందుకే ఆలస్యం చేయకూడదు.

జ్ఞాపకశక్తి పరీక్ష మాత్రం పేషెంటు భాషలోనే జరగాలి. ఉర్దూ మాట్లాడే పెద్దావిడను ఇంగ్లీషులో అడిగితే వచ్చే మార్కులు జబ్బును చూపవు, భాష రాకపోవడాన్ని చూపుతాయి. ఏసీఈ-3 అనే పరీక్షను తెలుగు, ఉర్దూలతో సహా 7 భాషలకు మన దేశంలో సిద్ధం చేశారు.

హైదరాబాద్ చెప్పిన సంగతి

జూబ్లీహిల్స్‌కు దగ్గర్లోనే, పంజాగుట్టలో ఉన్న నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించింది. వాళ్లలో 240 మందికి అల్జీమర్స్, 189 మందికి వాస్క్యులర్ డిమెన్షియా. రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఫలితాలు 2013లో వచ్చాయి. రెండో భాష జబ్బును ఆపుతుందని దీనర్థం కాదు. కానీ ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలకు ఇది మంచి మాటే.

అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అయినా త్వరగా తెలిస్తే లక్షణాలకు మందులు వాడొచ్చు, స్ట్రోక్ ముప్పు తగ్గించొచ్చు, ఆస్తి, బ్యాంకు పనులు పెద్దవాళ్ల ఇష్టప్రకారమే చక్కబెట్టొచ్చు. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం ఒక్కసారిగా వస్తే మాత్రం అది స్ట్రోక్ కావొచ్చు. తెల్లారే దాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.