పార్క్‌లో పడిందనుకుంటే...

2016 జూన్ 18, శనివారం రాత్రి. లాస్ ఏంజెలెస్‌లోని స్టూడియో సిటీ. గేటు నుంచి ఇంటిదాకా బాగా ఏటవాలుగా ఎక్కే దారి. ఆ ఇంట్లో ఉండే కుర్రాడు ఆంటన్ యెల్చిన్. 27 ఏళ్లు. ‘స్టార్ ట్రెక్’ సినిమాల్లో చెకోవ్ పాత్రతో లోకమంతా గుర్తుపట్టే ముఖం. ఆ వరసలో తర్వాతి సినిమా విడుదలకు నెల రోజులకు కాస్త పైనే ఉంది.

ఆ రాత్రి స్నేహితులతో కలిసి రిహార్సల్‌కు కూర్చోవాలి. ఎంతసేపు చూసినా రాలేదు. ఒంటిగంట దాటాక వాళ్లే వెతుక్కుంటూ ఇంటికొచ్చారు.

జీప్ గ్రాండ్ చెరోకీ వాలు మీద వెనక్కి జారి, గేటు దగ్గర ఆగి ఉంది. ఉత్తరాల పెట్టె ఉన్న ఇటుక స్తంభానికీ ఇనుప కంచెకూ అదిమేసినట్టుగా మధ్యలో అతను. ఇంజిన్ ఇంకా నడుస్తూనే ఉందని, గేరు న్యూట్రల్‌లో ఉందని వార్తలొచ్చాయి. ఏదో పనికి ఒక్క నిమిషం బండి దిగి ఉంటాడని పోలీసులు అన్నారు. రెండు టన్నులు దాటిన బరువు. అరిచే వ్యవధి కూడా ఇచ్చి ఉండదు.

తెల్లవారితే అమెరికాలో ఫాదర్స్ డే. లెనిన్‌గ్రాడ్‌లో ఐస్ స్కేటింగ్ కళాకారులుగా పేరు తెచ్చుకున్న తల్లిదండ్రులు, ఆర్నెల్ల పసివాడిని ఎత్తుకుని ఆ దేశం వచ్చారు. ఒక్కగానొక్క కొడుకు.

ఇక ఆ గేరు లివర్ సంగతి. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మామూలు ఆటోమేటిక్ కారులో లివర్‌ని పార్క్‌లోకి తోస్తే అది అక్కడే ఉండిపోతుంది. చూడక్కర్లేదు, చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. లోపల గేరుబాక్సులో ఒక పళ్లచక్రం, దాని సందులోకి చిన్న ఇనుప కొక్కెం పడి చక్రాలు కదలకుండా పట్టేస్తుంది. ఆ బండిలోది వేరే రకం. ముందుకు తోసినా వెనక్కి లాగినా, వదలగానే స్ప్రింగులా మళ్లీ మధ్యకే వచ్చేస్తుంది. పార్క్‌లో ఉన్నా మధ్యనే, రివర్స్‌లో ఉన్నా మధ్యనే, న్యూట్రల్‌లో ఉన్నా మధ్యనే. ఏ గేరు పడిందో చెప్పేది వెలిగే ఒక్క అక్షరం. పార్క్ కోసం తోసిన తోపు కాస్త తక్కువైతే రివర్స్‌లోనో న్యూట్రల్‌లోనో ఆగిపోతుంది. చేతికి మాత్రం తేడా తెలియదు.

గేరు లివర్ ఇబ్బంది అంటే మన మెకానిక్‌లు ముందు చూసేవి కొన్ని ఉన్నాయి. పార్క్ నుంచి కదలకపోతే బ్రేకు తొక్కించి వెనక లైట్లు వెలుగుతున్నాయా అని చూస్తారు. వెలగకపోతే ఫ్యూజో, బ్రేకు స్విచ్చో పోయినట్టు. బ్రేకు తొక్కినట్టు బండికి తెలియకపోతే లివర్ తాళం విడవదు. లివర్ సునాయాసంగా కదులుతూ బండి మాత్రం మాట వినకపోతే కేబుల్ చివరి బుష్ అరిగిందని అనుమానిస్తారు. ఇవన్నీ దొరికే జబ్బులు. ఈ జీపులో దొరకడానికి ఏమీ లేదు. పరికరం ఏదీ చెడిపోయిన ఆధారం కనిపించలేదని తయారీదారు ఫియట్ క్రైస్లర్ చెప్పింది. అది నిజమే కావచ్చు. నన్ను ఎక్కువ కలవరపెట్టేదీ అదే. చెడిపోయిన వస్తువును మార్చుకోవచ్చు, అనుకున్నట్టే పనిచేస్తూ మనిషిని పొరబడేలా చేసే వస్తువును ఏ షెడ్డులో బాగుచేయించాలి?

అమెరికా రహదారి భద్రతా సంస్థ 2015 ఆగస్టులోనే దీని మీద విచారణ మొదలుపెట్టింది. ఈ లివర్ అలవాటుకు అందదని, ఏ గేరు పడిందో చేతికీ కంటికీ సరిగా తెలియజేయదని తేల్చింది. విచారణ ముగిసేసరికి లెక్క 266 ప్రమాదాలు, గాయపడినవాళ్లు 68 మంది. పార్క్‌లో లేకుండా తలుపు తీస్తే గంట మోగేది, హెచ్చరికా కనిపించేది. ఇంజిన్ ఆపబోతే ఆగేది కాదు, అదీ ఒక సూచనే. కానీ ఒక్క నిమిషంలో వస్తానని ఇంజిన్ నడుస్తుండగానే దిగేవాడికి ఆ సూచన అందదు. అందరం ఎప్పుడో ఒకప్పుడు అలా దిగినవాళ్లమే.

2016 ఏప్రిల్ 22న కంపెనీ దాదాపు 11 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించింది. 2014, 2015 గ్రాండ్ చెరోకీలతో పాటు కొన్ని డాడ్జ్ చార్జర్లు, క్రైస్లర్ 300లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆంటన్ బండి 2015ది.

తర్వాత చేసిన మరమ్మతు ఒక సాఫ్ట్‌వేర్. బండి ఆగి, బ్రేకు మీద కాలు లేకుండా, సీటుబెల్టు విప్పి, డ్రైవరు తలుపు తీస్తే, దానంతట అదే పార్క్‌లోకి వెళ్లిపోతుంది. మనిషి మరచిపోతాడన్న సంగతి బండికి నేర్పడం అన్నమాట. మొదటి రోజే నేర్పి ఉంటే!

గుండ్రటి నాబ్‌లు, బొత్తాములు, ఇలా మధ్యకొచ్చే లివర్లు ఇప్పుడు మన రోడ్ల మీదా ఉన్నాయి. అలాంటి బండి నడిపేవాళ్లు ఎవరైనా సరే, దిగేముందు మీటర్ల మధ్య వెలిగే ‘పీ’ అక్షరాన్ని కళ్లతో చూడండి. హ్యాండ్‌బ్రేక్ వేయండి. బ్రేకు మీద నుంచి కాలు నెమ్మదిగా ఎత్తి, బండి కదలడం లేదని నిర్ధారించుకున్నాకే బెల్టు విప్పండి. వాలు మీద అయితే ఇంజిన్ ఆపకుండా దిగవద్దు. బండి వెనక్కు అసలే వెళ్లవద్దు.

2016 ఆగస్టులో ఆంటన్ తల్లిదండ్రులు కంపెనీ మీద దావా వేశారు. ఇంకో కుటుంబానికి ఈ గతి పట్టకూడదనే వచ్చామని తండ్రి విలేకరులతో అన్నారు. 2018లో రాజీ కుదిరింది, షరతులు బయటికి రాలేదు. ఆ లివర్ వల్లే ఈ చావు జరిగిందా అన్నది కోర్టు తేల్చనేలేదు.

రీకాల్ ఉత్తరం కొడుకు పోయిన ఏడు రోజులకు వాళ్లకు అందిందని ఆ కుటుంబం న్యాయవాది చెప్పారు.