దక్కను కళాశాల పునర్జీవనము

పూనాయందు పీష్వాలు ఏటేట పండితులకు దక్షిణ లొసగుచుండిరి. వారి రాజ్య మంతరించిన పిదప ఎల్ఫిన్‌స్టన్ దొర ఆ దక్షిణ ద్రవ్యమునుండి కొంత కేటాయించి 1821లో సంస్కృత విద్యకై హిందూ కళాశాలను నెలకొల్పెను. అదియే 1864లో దక్కను కళాశాల యను పేరు వహించెను. పారశీక దాతయగు సర్ జంషెట్జీ జీజీభాయి విరాళముతో ఎరవాడయొద్ద దానికి రాతిభవనము లేచెను. 1868లో చదువులచ్చట మొదలయ్యెను. లోకమాన్య తిలకు అందు చదివినవాడే.

1934లో బొంబాయి ప్రభుత్వము ఆ కళాశాలను మూసివేసెను. భవనము చెక్కుచెదరకుండెను, పాఠము చెప్పువారు లేరైరి. అయినను పూర్వవిద్యార్థు లూరకుండలేదు. విద్యకై యిచ్చిన సొమ్ము విద్యకే చెల్లవలెనని న్యాయస్థానము నాశ్రయించిరి. తుదకు 1939 ఆగస్టు 17న ఆ కళాశాల పరిశోధనాలయముగా మరల తెరువబడెను.

అందు సంకాలియా పురాతత్త్వమును, ఇరావతీ కర్వే మానవశాస్త్రమును, కత్రే భాషాశాస్త్రమును పెంపొందించిరి. 1948లో సంస్కృత మహానిఘంటువు నారంభించిరి. సుమారు 1500 గ్రంథములను శోధించి, ఒక్కొక్క ప్రయోగము నొక్కొక్క చీటిపై నెక్కించి, కోటి చీటీల వరకు కూర్చిరి. తొలిభాగము 1976లో వెలువడెను. ఆరంభించినవారు గతించినను, వారి చీటీలు చెడలేదు. వాటిపై తరువాతివారు పనిచేయుచు వచ్చిరి.

దాత యిచ్చిన ధనము గోడలను మాత్రమే నిలుపగలిగెను. మూసిన తలుపులు తెరిపించినవారు అందు చదివి మేలుపొందిన విద్యార్థులు. పుస్తకములు చదివి యింటికేగు ప్రతి గ్రంథాలయ పాఠకుడును గుర్తుంచుకొనదగిన ఋణమిది.