కండువా మారింది, గోడ మారలేదు



పార్టీ మారిన నాయకుణ్ణి చూడగానే "ఎంతకు అమ్ముడుపోయాడు?" అని అడుగుతాం. నేను ఇంకో ప్రశ్న అడగమంటాను: "వెళ్తూ వెళ్తూ తనతో ఏం మోసుకెళ్ళాడు?" దీనికి అమెరికా చరిత్రలో నాకు దొరికిన గట్టి ఉదాహరణ స్ట్రామ్ థర్మండ్.

1947లో ఆయన సౌత్ కరోలినా గవర్నరయ్యాడు. అక్కడి గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు. జనం నేరుగా ఓటేసి ఎన్నుకునే, మన ముఖ్యమంత్రి లాంటి పదవి. ఆయనది డెమోక్రటిక్ పార్టీ. ఇవాళ నల్లవాళ్ళలో ఎక్కువమంది ఓటేసే ఆ పార్టీయే అప్పట్లో దక్షిణాదిలో తెల్ల ఆధిపత్యానికి కోట.

మొదట్లో ఆయనకు సంస్కర్త అనే పేరుంది. 1947 ఫిబ్రవరిలో విల్లీ ఎర్ల్ అనే నల్ల యువకుణ్ణి ఒక గుంపు జైల్లోంచి లాక్కెళ్ళి చంపింది. థర్మండ్ కేసు నడిపించాడు. 31 మంది తెల్లవాళ్ళు బోనెక్కారు. జ్యూరీ అంతా తెల్లవాళ్ళే. అందరూ విడుదలయ్యారు. 2014లో చుండూరు తీర్పు విన్న మనకు ఇది పరాయి దేశం కథలా అనిపించదు.

హత్యను తప్పన్న ఆ మనిషి సమానత్వం దగ్గరకొచ్చేసరికి అడ్డం తిరిగాడు. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ పౌరహక్కుల కార్యక్రమం ప్రకటించగానే దక్షిణాది డెమోక్రాట్లు కొందరు వేరు కుంపటి పెట్టి థర్మండ్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టారు. 4 రాష్ట్రాలు, 39 ఎలక్టోరల్ ఓట్లు గెలిచాడు. అదే నవంబర్ నెలలో మన రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించింది.

తర్వాత సెనేటర్ అయ్యాడు. 1957లో పౌరహక్కుల బిల్లును ఆపడానికి సెనేట్‌లో ఏకబిగిన 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. బిల్లు ఆగలేదు. 1964 జులైలో బహిరంగ స్థలాల్లో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. సెప్టెంబర్ 16న థర్మండ్ రిపబ్లికన్ పార్టీలో చేరి, ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన గోల్డ్‌వాటర్‌కు ప్రచారం చేశాడు. అది బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ పార్టీ! ఆయన సిద్ధాంతం మార్చుకోలేదు. తన గోడకు కాపలా కాసే పార్టీ ఎక్కడుందో వెతుక్కున్నాడు, అంతే.

ఆ గోడ లోపల ఏముందో చూడండి. 1925లో, థర్మండ్‌కు 22 ఏళ్ళప్పుడు, వాళ్ళింట్లో పనిచేసే కేరీ బట్లర్ అనే నల్లమ్మాయికి ఆయనవల్ల ఒక కూతురు పుట్టింది. తల్లి వయసు 16. ప్రేమ అనేవాళ్ళున్నారు. యజమాని కొడుకును కాదనే వీలు ఆ అమ్మాయికి ఎంతుందో మీరే ఆలోచించండి. కూతురు ఎస్సీ మే, ఆయన గవర్నర్‌గా ఉన్న రోజుల్లో అదే రాష్ట్రంలో నల్లవాళ్ళకు కేటాయించిన కాలేజీలో చదువుకుంది. ఆయన రహస్యంగా డబ్బులిచ్చేవాడు. నాన్నా అని నలుగురిలో పిలిచే హక్కు మాత్రం ఇవ్వలేదు. 2003లో, 100 ఏళ్ళు నిండాక ఆయన పోయాడు. ఆ తర్వాతే, 78 ఏళ్ళ వయసులో, ఆమె నిజం చెప్పింది. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ ఆవరణలోని ఆయన విగ్రహం మీద పిల్లల పేర్లలో ఆమె పేరు చెక్కారు.

మరి ఈయన ఎప్పుడూ మారలేదా? కొంత మారాడు. 1965 ఓటు హక్కు చట్టంతో దక్షిణాదిలో నల్ల ఓటర్లు పెరిగారు. 1971లో తన ఆఫీసులో నల్ల ఉద్యోగిని పెట్టుకున్నాడు. 1983లో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవుకు ఓటేశాడు. నా దృష్టిలో దానికి కారణం పశ్చాత్తాపం కాదు, ఓటు. జైళ్ళకెళ్ళి, ప్రాణాలిచ్చి నల్లవాళ్ళు సాధించుకున్న ఓటు.

అందుకే విద్యార్థి మిత్రులకు నా మాట ఇది. రేపు మీ నియోజకవర్గంలో ఎవరైనా కండువా మారిస్తే కొత్త రంగు చూసి చప్పట్లు కొట్టకండి, తిట్టకండి. భూమి, రిజర్వేషన్లు, అట్రాసిటీ చట్టం మీద నిన్నటిదాకా ఏం మాట్లాడాడో, ఎటు ఓటేశాడో తీసి చూడండి. లెక్క అక్కడ మొదలుపెట్టండి.