బొగ్గుపులుసు వాయువుకూ ఒక పని

మన ఊళ్లలో గోబర్ గ్యాస్ అంటే పేడ కలిపే తొట్టి, గుంత మీద తేలే ఇనుప డ్రమ్ము, వంటింట్లో నీలిమంట. 1950లలో జశ్‌భాయ్ పటేల్ రూపొందించిన ఆ నమూనాను ఖాదీ కమిషన్ 1960లలో పల్లెలకు తీసుకెళ్లింది. 1984లో నేలలోపలి గుమ్మటంతో దీనబంధు నమూనా వచ్చింది. పొయ్యికి ఆ గ్యాస్ చాలు, బండికి చాలదు. అందులో మీథేన్ నూటికి 55–65 పాళ్లే. మిగతాది దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువే. 2016 నాటి బీఐఎస్ ప్రమాణం ప్రకారం బండ్లకు పోసే బయో సీఎన్‌జీలో మీథేన్ 90 శాతమైనా ఉండాలి.

హైదరాబాద్‌లో మేడ్చల్ రోడ్డు మొదట్లోని బోయిన్‌పల్లి మార్కెట్లో తార్నాకలోని పరిశోధన సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో కట్టిన ప్లాంటు, రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలను గ్యాస్‌గా మార్చి సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తుందని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. శామీర్‌పేట దారిలో జవహర్‌నగర్ చెత్తగుట్టను కప్పి, అడుగున పుట్టే గ్యాస్‌నూ గొట్టాలతో లాగుతున్నారు. ఇలాంటి గ్యాస్‌ను నీళ్లతోనో పొరలతోనో శుద్ధిచేసే పద్ధతుల్లో బొగ్గుపులుసు వాయువును సాధారణంగా గాలిలోకి వదిలేస్తారు. నన్ను బాధించేది ఇదే. అదీ మన కూరగాయల్లోని కార్బనే కదా!

దాన్నీ మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులున్నాయని డెల్ఫ్ట్‌లో పరిశోధకుడు సోంగెన్ 1906లోనే చూపించాడు. అవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే వంశమని 1977లో కార్ల్ వోస్ తేల్చాడు. నాలుగు పాళ్ల హైడ్రోజన్ అందిస్తే ఒక పాలు బొగ్గుపులుసు వాయువును అవి మీథేన్, నీరుగా మారుస్తాయి. కోపెన్‌హాగెన్ దగ్గరి అవెడోరె మురుగునీటి కేంద్రంలో 2016లో ఒక మెగావాట్ ప్లాంటు ఈ పద్ధతితోనే నడిచింది.

చిక్కంతా హైడ్రోజన్‌తోనే. అది నీళ్లలో సరిగా కరగదు. నేరుగా డైజెస్టర్‌లోకి, అంటే వ్యర్థాలు కుళ్లి గ్యాస్ పుట్టే తొట్టిలోకి, ఊదితే బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి పీహెచ్ పెరుగుతుంది, 8.5 దాటితే ఆ జీవులే మందగిస్తాయి. అందుకే పక్కన వేరే స్తంభం కట్టి, హైడ్రోజన్‌ను సన్నని బుడగలుగా పంపుతారు. మధ్యాహ్నపు సోలార్ కరెంటు చౌకగా దొరికితేనే ఆ హైడ్రోజన్ గిట్టుబాటవుతుంది.

హైదరాబాద్‌లో తొలి ప్రయోగానికి నేను మార్కెట్ డైజెస్టర్‌నే ఎంచుకుంటాను. చెత్తగుట్ట గ్యాస్‌ను లాగేటప్పుడు గాలీ కలుస్తుంది. అందులోని నైట్రోజన్‌ను ఈ జీవులు మీథేన్‌గా మార్చలేవు, ఆక్సిజన్‌నైతే అసలు తట్టుకోలేవు.