అడవి హద్దులు

ఇద్దరు రైతులకు గట్టు తగవు వచ్చినచో ఊరి పెద్దలు కూర్చుండి తీర్చుట మన గ్రామములలో చిరకాలముగా నున్న యాచారము. కాని రైతునకును సర్కారు అడవికిని తగవు వచ్చినచో తీర్చువా రెవ్వరు? వాదియు న్యాయాధిపతియు ఒక్క ప్రభుత్వమే యైనప్పుడు న్యాయము నిలుచు టెట్లు? ఈ ప్రశ్న పూర్వపు చెన్నరాజధానిలో గట్టిగా చర్చింపబడినది.

1871 లోనే అచ్చటి రెవిన్యూబోర్డువారు, ఏదో యొక గ్రామపు టెల్లలో చేరని యడవి ఈ రాజధానిలో అరుదనియు, ప్రజల యనుభవమును త్రోసివేయరాదనియు వాదించిరి. అందుచేతనే 1878 నాటి హిందూదేశపు అడవుల చట్టమును చెన్నపట్టణపు ప్రభుత్వ మంగీకరింపక, 1882 లో వేరుగా అయిదవ యాక్టును చేసికొనెను.

ఆ యాక్టు ననుసరించి, రిజర్వు చేయదలచిన భూమి యెల్లలను ముందుగా గెజిటులో ప్రకటింపవలెను. విచారణాధికారి సామాన్యముగా అడవిశాఖకు చెందనివాడై యుండవలెను. అతడు చుట్టుపట్ల గ్రామములలో ప్రకటన చేయించి, గడువు నిర్ణయించి, హక్కుదారుల మనవులను వినవలెను. భూమి రైతుదే యని తేలినచో దానిని హద్దులనుండి తొలగింపవలెను. లేదా రైతుతో ఒడంబడిక చేసికొనవలెను. లేదా పరిహార మిచ్చి సేకరింపవలెను. మనవి త్రోసివేయబడినవాడు జిల్లాకోర్టున కెక్కవచ్చును. ఇవన్నియు ముగిసిన పిమ్మటనే తుది ప్రకటన వెలువడవలెను.

విధానము ధర్మసమ్మతముగనే యున్నది. లోప మెచ్చట? గడువులో మనవి చేయనివాని హక్కు, తగిన కారణము చూపనిచో, తుది ప్రకటనతో నశించును. అక్షరము రానివానికి గెజిటు ఎందుకు? తాతనాటి చెట్టును, వాగును, పుట్టను చూపి హద్దు చెప్పగలవాడు కాగితము చూపలేకపోయెను. అతని మౌనమే అతనికి ప్రతికూలసాక్ష్య మయ్యెను.

అడవి చేజారినచోట మేపు, వంటచెరకు సయితము పన్నుల పాలయ్యెను. పల్నాటిలో పుల్లరిపై లేచిన యుద్యమమున 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. అది హద్దురాళ్ల తగవు కాకపోయినను, హద్దు లోపలి జీవనమును గూర్చిన తగవే.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1967 లో ఆంధ్రప్రదేశమునకు క్రొత్త అడవుల చట్టము ఏర్పడినను, ప్రకటన, మనవి, విచారణ, తుది ప్రకటన అను పాత సోపానములే నిలిచినవి. తుది ప్రకటన లేక ఏండ్ల తరబడి నిలిచిపోయిన యడవులును కలవు. అట్టిచోట రెవిన్యూ లెక్క యొకటి, అడవిశాఖ పట మొకటి చెప్పగా, రైతు రెంటి నడుమ నలుగును. 2006 నాటి అటవీహక్కుల చట్టము మాత్రము అడవులలో నివసించువారి విషయమున మనవులను గ్రామసభయే మొదట విచారింపవలెననెను. ఆ చట్టపు నియమములు పెద్దల వాఙ్మూలమును సాక్ష్యముగా నంగీకరించినవి. పూర్వము కాగితము లేనివాని నోరు మూయబడగా, ఇప్పుడు వానికి మాట దొరకినది.

అడవి లేనిదే వాన లేదు, వాగు లేదు, దానిని కాపాడవలసినదే. కాని అన్యాయముగా పాతిన రాయి అడవిని కాపాడదు. పొరుగువానిని అడవికి శత్రువుగా చేయును. కావున రెండు శాఖలవారును రైతు నెదుట నిలిపి కలసి కొలువవలెను. కొలిచిన పటమును గ్రామమున నందరకు వినిపింపవలెను. చదువు నేర్చిన ప్రతి గృహస్థుడును తన యూర ప్రకటన వచ్చిననాడు దానిని పొరుగువానికి చదివి చెప్పి, గడువు దాటకముందే మనవి వ్రాసి యిచ్చినచో, అంతకు మించిన విద్యాదానము లేదు.